మా డి-పట్టా పొలానికి ఒక రేటు, పక్క పొలానికి ఇంకో రేటు. ఇంతకీ 39(బి) ఎవరి కోసం?

చింతచెట్టు_కింద
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ఊరు. మా తాతకి అప్పట్లో ఎకరా ఎనభై సెంట్లు డి-పట్టా (సర్కారు పేదలకిచ్చే అసైన్డ్ భూమి) ఇచ్చారు, నలభై ఏళ్లు దాటింది. ముళ్లకంప కొట్టి రాళ్లేరి దాన్ని పొలం చేసింది తాతా నాయనమ్మే, ఆ రాళ్ల గుట్ట ఇప్పటికీ గట్టు మీద ఉంది. ఇప్పుడు పరిశ్రమలకని అక్కడంతా భూమి తీసుకున్నారు. మా గట్టు అవతల సొంత పట్టా ఉన్నాయనకి ఒక రేటు కట్టారు, మాకు అందులో సగం కూడా కట్టలా. అడిగితే "మీది సర్కారిచ్చిన భూమే కదయ్యా, సర్కారే తీసుకుంది, ఇచ్చేది ఎక్స్‌గ్రేషియా, అదీ దయ" అన్నారు ఆఫీసులో.

ఇంటికొచ్చి ఫోను తీస్తే ఒక వీడియో. ప్రైవేటు ఆస్తి మొత్తం సమాజానిది అనడానికి లేదని 2024లో సుప్రీంకోర్టు 9 మంది జడ్జిలు చెప్పేశారు, ఇక ఎవరి ఆస్తికీ భయం లేదు అని. నాకు ఒక్కటే అర్థం కాలేదు. మరి మాది ఆస్తి కాదా? అసలు రాజ్యాంగంలో ఆ 39(బి) అధికరణం పేదోళ్ల కోసం రాసింది అంటారు కదా, పేదోడి పొలం పోయేటప్పుడు అదెక్కడికి పోయింది? తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

డాలస్_పెసరట్టు
బ్రో ముందుగా సారీ. కానీ నీ కేసు చూస్తే నేను ఎప్పుడూ చెప్పేదే రుజువవుతోంది, గవర్నమెంట్ చేతిలో ఆస్తి తీసుకునే పవర్ ఎంత ఎక్కువుంటే పేదోడికి అంత డేంజర్. ఆ 2024 తీర్పు మంచిదే. లేకపోతే రేపు నా ప్లాటు కూడా "సమాజ వనరు" అనేవాళ్లు.

సైకిల్_సెంటర్
అన్నా మీకు ఎన్ని ప్లాట్లున్నాయేంటి 😀

డాలస్_పెసరట్టు
మూడు. కష్టపడి కొనుక్కున్నా. దొంగతనం చేయలేదు.

నల్లగౌను
ప్లాట్ల లెక్క తర్వాత చూద్దాం, ముందు ఆ తమ్ముడు అడిగింది చెప్దాం. నేను జిల్లా కోర్టులో పాతికేళ్ల నుంచి భూమి కేసులు చూస్తున్నా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

రాజ్యాంగంలో 4వ భాగం ఆదేశిక సూత్రాలు. అందులో 39(బి) ఏమంటుందంటే సమాజపు భౌతిక వనరుల యాజమాన్యం, అదుపు అందరి మేలుకీ ఉపయోగపడేలా పంపిణీ కావాలి. 39(సి) అంటే సంపద కొద్దిమంది దగ్గర పోగుపడి జనానికి చేటు కాకూడదు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ వీటికి ముందే 37 ఉంది, వీటిని కోర్టుకెళ్లి అమలు చేయించుకోడానికి లేదు అని. అంటే నువ్వు 39(బి) పట్టుకుని "నాకు పొలం ఇవ్వండి" అని కేసు వేయలేవు.

మరి దానికి పనేంటి? సర్కారుకి డాలు. 1971లో 25వ సవరణతో 31సి అధికరణం వచ్చింది. 39(బి), (సి) కోసం చేసిన చట్టాన్ని 14 (సమానత్వం), 19 (స్వేచ్ఛలు) అధికరణాల కింద కొట్టేయడానికి లేదని. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది బెంచి 7-6తో దాన్ని సగం ఉంచింది. ఫలానా చట్టం 39(బి) కోసమే అని సర్కారు రాసుకుంటే కోర్టు అసలు చూడకూడదు అన్న ముక్కని మాత్రం కొట్టేసింది. 1976లో 42వ సవరణతో ఆ డాలుని ఆదేశిక సూత్రాలన్నిటికీ సాగదీశారు, 1980లో మినర్వా మిల్స్‌లో అదీ పోయింది. పాత 31సి మిగిలిందా, అదీ పోయిందా అన్నది కూడా 2024 తీర్పులోనే తేలింది, మిగిలే ఉందన్నారు.

కాబట్టి తమ్ముడూ, 39(బి) నీ చేతికిచ్చిన కత్తి కాదు. సర్కారు పెద్దోళ్ల ఆస్తి మీదికి పోయేటప్పుడు అడ్డం పెట్టుకోడానికి ఇచ్చిన డాలు. సర్కారు నీ మీదికే వస్తే ఆ డాలు ఎవరి చేతిలో ఉందో నువ్వే చూసుకో.

గుత్తి_ఎండలు
బాగా చెప్పినావు తల్లీ. ఒక ముక్క కలుపుతా. ఈ కథలో రెండు పక్కలా మనోళ్లే ఉన్నారప్పా. 1967 గోలక్‌నాథ్ కేసులో 11 మంది బెంచిలో 6-5 తో, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించేదానికి లేదు అన్నది కోకా సుబ్బారావు గారు, రాజమండ్రి మనిషి. అప్పుడు ఆస్తి హక్కు కూడా ప్రాథమిక హక్కే. తర్వాత 1982లో సంజీవ్ కోక్ కేసులో, ప్రైవేటు వాళ్ల చేతిలోది కూడా సమాజ వనరే అన్న జస్టిస్ కృష్ణయ్యర్ మాటను అయిదుగురి బెంచి తరఫున నిలబెట్టింది మా అనంతపురం చిన్నపరెడ్డి గారు. 2024లో కొట్టేసింది ఆ మాటనే. గోదావరి పక్క నీళ్లున్నాయి ఆస్తి కాపాడినారు, మా పక్క ఎండ, పంచమన్నారు. నవ్వులాటకే అంటున్నా, కోపం చేసుకోవద్దండి.

గోదారి_గట్టు
పెద్దాయనా మా గోదారోళ్ల మీద ఈ నింద ఏంటండీ ఆయ్ 😂 జమీందార్లని పంపించిందీ మేమే కదండీ, 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో.

ఆడిటర్_గారబ్బాయి
ఆ 2024 కేసు అసలు దేని గురించో ఎవరూ చెప్పట్లేదు. అంబానీ అదానీ అనుకుంటారు జనం, అది ముంబైలో పాత బిల్డింగుల గొడవ. అద్దెకున్నవాళ్లు తరాలుగా ఉన్నారు, ఓనర్లు రిపేరు చేయరు, వానాకాలం వస్తే కూలిపోతాయి. మహారాష్ట్ర వాళ్లు 1986లో మ్హాడా (అక్కడి సర్కారు గృహనిర్మాణ సంస్థ) చట్టానికి ఒక కొత్త అధ్యాయం అతికించారు. అద్దెవాళ్లలో 70 శాతం మంది సొసైటీ పెట్టుకుని అడిగితే ఆ బిల్డింగుని సర్కారు తీసుకుని వాళ్లకి ఇవ్వొచ్చు, ఓనరుకి నెల అద్దెకి 100 రెట్లు ఇస్తే చాలు. పాత అద్దెలు ఎంతుంటాయో తెలుసు కదా, వందరెట్లు అన్నా ముంబైలో స్కూటర్ పార్కింగ్ కూడా రాదు. 1992లో సుప్రీంకోర్టుకి పోయింది, 1996లో అయిదుగురికి, 2001లో ఏడుగురికి, 2002లో తొమ్మిదిమందికి పంపారు, విన్నది 2024 ఏప్రిల్‌లో, తీర్పు నవంబరు 5న. మధ్యలో ఆ బిల్డింగుల్లో ఎన్ని నిలబడ్డాయో దేవుడికే తెలియాలి.

సైకిల్_సెంటర్
22 ఏళ్లు తొమ్మిదిమంది కూర్చోడానికే పట్టింది. నల్లగౌను గారూ తీర్పులో ఏం చెప్పారు, నిజంగానే "ఎవరి ఆస్తికీ భయం లేదు" అన్నారా?

నల్లగౌను
లేదు, అది వీడియోల వాళ్ల తాలింపు. ఎక్కువమంది జడ్జిలు అన్నది ఇంత. ప్రైవేటు ఆస్తి అంతా సమాజ వనరు కాదు, అలాగని ఏదీ కాదు అని కూడా కాదు. ఆ వనరు ఎలాంటిది, దానివల్ల జనం బాగోగుల మీద ఎంత ప్రభావం, అది ఎంత కొరతగా ఉంది, కొద్దిమంది చేతిలో పోగుపడితే ఏమవుతుంది, ఇవి చూడాలి. అంటే అడవి, నీళ్లు, గనులు, స్పెక్ట్రం లాంటివి ప్రైవేటు చేతిలో ఉన్నా లోపలికి రావొచ్చు. నీ కుక్కరూ నీ స్కూటరూ రావు. జస్టిస్ నాగరత్న గారు కొంతవరకు కలిశారు గానీ పాత జడ్జిల మీద అలా మాట్లాడాల్సింది కాదన్నారు. జస్టిస్ ధూలియా గారు ఒక్కరే పూర్తిగా విడిపోయి, ఏది సమాజ వనరో తేల్చే పని చట్టసభలకి వదిలేయాలన్నారు, దేశంలో అసమానత ఇంకా ఎంతుందో కూడా రాశారు. నాకైతే ఆయన రాసిందే మనసుకి పట్టింది, అది నా సొంత అభిప్రాయం, కోర్టులో పనికిరాదు.

డాలస్_పెసరట్టు
సరే కానీ చట్టసభలకి వదిలేస్తే ఏమైందో చూశాం కదా. ఇండియాలో టాప్ ట్యాక్స్ రేటు ఒకప్పుడు 97 దాకా పోయింది. ఏం పంచారు? అందరూ నల్లడబ్బులోకి పోయారు. నేను పేదోళ్లకి వ్యతిరేకం కాదు, సైజు పెంచండి తర్వాత పంచండి అంటున్నా.

గుత్తి_ఎండలు
నేను 1975లో రెవెన్యూలో గుమాస్తాగా చేరినప్పుడు చేతికొచ్చిన మొదటి పని సీలింగు, అంటే భూపరిమితి, డిక్లరేషన్లు. 1973 చట్టం, 1975 జనవరి 1 నుంచి అమలు. మాగాణి అయితే నేల రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54. అంతకు మించింది సర్కారుకి. 1971 జనవరి 24 తర్వాత ఎవరికైనా రాసిచ్చి ఉంటే అది సీలింగు తప్పించుకునేదానికి కాదని వాళ్లే రుజువు చేసుకోవాల. చట్టం మంచిదే, దాని వెనక పీవీ గారు ముఖ్యమంత్రిగా చేసిన పట్టుదల కూడా ఉండాది, దానికి ఆయన కట్టిన రేటు కూడా తెలుసు. కానీ మా టేబులు మీదికొచ్చిన కాగితాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. పాలేరు పేరున పదెకరాలు, ఊరు దాటి ఇరవై ఏండ్లయిన మేనత్త పేరున పదెకరాలు. చివరికి వదిలిపెట్టిన మిగులు భూమి ఏదంటే గుట్ట మీది రాతినేల, వంకలో కోసుకుపోయిన నేల. ఆ నేలనే తెచ్చి డి-పట్టాలని, మా పక్క డీకేటీ అని, పేదోళ్లకిచ్చినాము. నేనే రాసిచ్చినా కొన్ని.

అబ్బోడా చింతచెట్టూ, మీ తాత రాళ్లు ఏరింది ఎందుకో ఇప్పుడు తెలిసిందా. రాళ్లున్న నేలే ఇచ్చినాము కాబట్టి.

చింతచెట్టు_కింద
పెద్దాయనా ఇది చదివి కాసేపు ఏం రాయలేకపోయా. మా నాన్నకి చదివి వినిపించా, "అవును, అక్కడ కందులు తప్ప ఏమీ పండేవి కావు" అన్నాడు అంతే.

నల్లగొండ_పోరడు
మా తాన గిది లావుణి పట్టా. పేరు వేరే, కథ అదే. మా నాయినమ్మ వాళ్లది ఇంకో తీరు, వాళ్లు కౌల్దార్లు, 1950 టెనెన్సీ చట్టం కింద రక్షిత కౌల్దార్లు, తర్వాత 38-ఈ సర్టిఫికెట్ ఇచ్చిండ్రు, అంటే భూమి మీదే అయింది అన్నట్టు. సర్టిఫికెట్ ట్రంకు పెట్టెల ఉంది, పహాణీల ఎవరి పేరో ఉంది. సాగు చేసేటోళ్ల పేరు రాసే కాస్తు కాలంల మా పేరు పడేది, ధరణి వచ్చినంక ఆ కాలమే లేపేసిండ్రు. ఇప్పుడు భూ భారతి అంటుండ్రు, చూడాలె. మా ముసలామె అంటది సుప్రీంకోర్టు దాకా ఎందుకు రా, పట్వారి కలం కన్నా పెద్ద రాజ్యాంగం ఉందా అని.

ఇంకో ముచ్చట. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిల వినోబాకి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిండు, భూదానం మొదలైంది. అదే ఏడు జూన్‌ల రాజ్యాంగానికి మొదటి సవరణ, 31ఏ, 31బి, తొమ్మిదో షెడ్యూలు, జమీందారీ రద్దు చట్టాల్ని కోర్టులు కొట్టెయ్యకుండ. ఒక దిక్కు చేతులు జోడించి అడుగుడు, ఇంకో దిక్కు చట్టంతోని గుంజుకునుడు, రెండూ రెండు నెలల్లనే. గా రెండిట్ల మాకు అచ్చింది తక్కువనే గానీ, మా ఊర్ల దొర గడి ఖాళీ అయిందైతే నిజం. గది మర్చిపోవద్దు.

సైకిల్_సెంటర్
ఇదే నేను చెప్పాలనుకుంది. ఎకరాలకి లెక్కుంది, కొలతుంది, గొలుసు పట్టి కొలిచారు. మరి షేర్లకి సీలింగు ఏది? పారిస్‌లో ఉన్న వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ వాళ్ల లెక్క ప్రకారం 2022-23లో దేశం మొత్తం సంపదలో 40.1 శాతం పైన ఉన్న ఒక్క శాతం మంది దగ్గరే ఉంది, ఆదాయంలో 22.6 శాతం. ఆ నలభైలో మెట్ట పొలం ఎంత ఉంటుంది చెప్పండి. రైతుకి 54 ఎకరాల దగ్గర గీత గీశారు, మిగతావాళ్లకి ఆకాశమే గీత.

డాలస్_పెసరట్టు
ఆ లెక్కల మీద కూడా గొడవలున్నాయి, చాలామంది ఎకనమిస్టులు ఒప్పుకోరు. అయినా సరే షేరు అంటే ఏంటి, ఒక ఫ్యాక్టరీలో ముక్క. దాన్ని ఎకరాల్లా కోసి పంచితే ఫ్యాక్టరీ నడుస్తుందా?

ఆడిటర్_గారబ్బాయి
కోయక్కర్లేదు, పన్ను వేయొచ్చు. వేశారు కూడా, ఆ చరిత్ర చాలామందికి తెలియదు. 1953లో ఎస్టేట్ డ్యూటీ, అంటే మనిషి పోయాక వారసులకి వెళ్లే ఆస్తి మీద పన్ను, పై శ్లాబు 85 శాతం దాకా ఉండేది. 1957లో సంపద పన్ను. 1958లో గిఫ్ట్ ట్యాక్స్. మూడూ పోయాయి, ఎస్టేట్ డ్యూటీ 1985లో, గిఫ్ట్ ట్యాక్స్ 1998లో, సంపద పన్ను 2015 బడ్జెట్‌లో. చివరి రోజుల్లో సంపద పన్ను మొత్తం దేశంలో వచ్చింది ఏడాదికి వెయ్యి కోట్ల పైచిలుకు, దాన్ని తీసేసి కోటి దాటిన ఆదాయం మీద 2 శాతం సర్‌చార్జి పెంచారు.

ఎందుకు అంత తక్కువ వచ్చింది అంటే, ఇది నేను రిటర్నులు నింపిన అనుభవంతో చెప్తున్నా, 1990ల నుంచి అందులో షేర్లే లేవు. బంగారం, కారు, రెండో ఇల్లు, ఊళ్లో ఖాళీ స్థలం, ఇంట్లో నగదు, వీటి మీదే. మా క్లయింటు ఒకాయన భార్య నగలు తూకం వేయించి తెచ్చేవాడు పాపం, వేల షేర్లున్న ఇంకొకాయన హాయిగా కాలు మీద కాలేసుకుని కాఫీ తాగి వెళ్లేవాడు. ఇది కోర్టు ఆపింది కాదు, రాజ్యాంగం ఆపింది కాదు. కేంద్ర జాబితాలో 86వ ఎంట్రీ అలాగే ఉంది, వ్యక్తులు, కంపెనీల ఆస్తుల మూలధన విలువ మీద పన్ను వేసే అధికారం, ఒక్క వ్యవసాయ భూమి తప్ప. రేపు పార్లమెంటు అనుకుంటే మళ్లీ వేయొచ్చు. అనుకోవట్లేదు, అంతే.

గోదారి_గట్టు
ఎలా అనుకుంటారండీ, ఎలక్షన్ బాండ్లు చూశాం కదా. 2017లో కంపెనీలు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకి ఇవ్వకూడదన్న రూలే ఎత్తేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ బాండ్లు కొట్టేసింది గానీ అప్పటికే ఇవ్వాల్సినోళ్లు ఇచ్చేశారు. అంబేడ్కర్ గారు 1949 నవంబర్ 25న అన్నారు చూడండి, రాజకీయంలో ఒక మనిషికి ఒక ఓటు, ఆర్థికంలో మాత్రం అసమానత, ఈ వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నాం అని. ఓటు ఒకటే, బాండు మాత్రం కోటి.

ఫ్రీ_బర్డ్_విజాగ్
ఇవన్నీ కాదు అసలు సమస్య రిజర్వేషన్లు. 8 లక్షల ఆదాయం ఉన్నోడు పేదవాడా? ఆ ఈడబ్ల్యూఎస్ గురించి మాట్లాడండి ముందు

సైకిల్_సెంటర్
మొదలైంది

మోడరేటర్_పంతులు
ఈ కొమ్మ ఇక్కడితో ఆపుతున్నా. ఈడబ్ల్యూఎస్ మీద 103వ సవరణ, 2022 తీర్పు 3-2, దానికి వేరే థ్రెడ్ ఉంది, 600 పోస్టులు ఉన్నాయి అక్కడ, వెళ్లి కొట్టుకోండి. ఇక్కడ 11 వ్యాఖ్యలు తీసేశాను, అందులో రెండు బాగానే ఉన్నాయి, క్షమించాలి.

డాలస్_పెసరట్టు
ఆడిటర్ గారి పాయింట్ ఫెయిర్. కానీ సిటీలో కూడా సీలింగు ఉండేది కదా, మా నాన్న చెప్పేవాడు యూఎల్‌సీ యూఎల్‌సీ అని. అదేమైంది?

గుత్తి_ఎండలు
1976 పట్టణ భూపరిమితి చట్టం. హైదరాబాదులో మనిషికి 1000 చదరపు మీటర్ల ఖాళీ స్థలం. 1999లో కేంద్రం ఎత్తేసింది, మన రాష్ట్రం 2008లో ఆ రద్దును ఒప్పుకుంది. అంటే ఊర్లో సీలింగు ఇప్పటికీ ఉండాది, పట్నంలో లేదు. మా మనవడు అడిగినాడు, తాతా గచ్చిబౌలిలో గజం రేటుకి మన ఊర్లో ఎన్ని సెంట్లొస్తాయి అని. నాకు గుణకారం చేయబుద్ధి కాలేదు. పెసరట్టు నాయనా, నీ మూడు ప్లాట్లు ఎక్కడున్నాయో అడగను లే.

డాలస్_పెసరట్టు
😅 శంషాబాద్ సైడ్ అండి. ఓకే తాతగారూ పాయింట్ తీసుకున్నా. కానీ నా మొదటి పాయింట్ ఎవరూ కాదనలేదు గమనించండి. అసలు థ్రెడ్ పెట్టినాయన పొలం తీసుకుంది అంబానీ కాదు, సర్కారు. ఆయనకి కావాల్సింది సోషలిజం కాదు, గట్టి ఆస్తి హక్కు.

నల్లగౌను
ఇది మాత్రం పెసరట్టు గారు కరెక్టుగా పట్టుకున్నారు, సగం. మిగతా సగం నేను చెప్తా, ఇది రాయడానికే రెండు రోజుల నుంచి టైం చూసుకుంటున్నా.

ఆస్తి హక్కు 1978 దాకా ప్రాథమిక హక్కు, 19(1)(ఎఫ్), 31. 44వ సవరణతో తీసేసి 300ఎ లో పడేశారు, చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదు అని, అంతే ఒక్క వాక్యం. అందరూ ఇక్కడ ఆగిపోతారు. కానీ అదే 44వ సవరణ 38(2) కూడా పెట్టింది, ఆదాయాల్లో తేడాలు తగ్గించడానికి రాజ్యం పాటుపడాలి అని. అంటే ఆ రోజు పార్లమెంటు చేసిన బేరం ఇది, ఆస్తి హక్కు బలం తగ్గిస్తాం, బదులుగా అసమానత తగ్గిస్తాం. మొదటి సగం జరిగింది. రెండో సగం 37 కింద నిద్రపోతోంది. దెబ్బ ఎవరికి తగిలిందో చెప్పనా? పెద్ద కంపెనీకి ఆస్తి హక్కు లేకపోయినా 14 ఉంది, లాయర్లున్నారు, ఇంకో రాష్ట్రం పిలుస్తుంది. ఎకరా ఎనభై సెంట్ల వాడికి ఆ ఒక్క హక్కే ఉండేది.

ఇప్పుడు ఎవరూ చూడని మూల ఒకటి చూపిస్తా. 31ఏ అంటే అందరికీ గుర్తొచ్చేది జమీందారీ, పోరడు గారు చెప్పారు కదా, పెద్ద ఎస్టేట్లు తీసుకోడానికి పెట్టిందే. 1964లో 17వ సవరణతో దానికి రెండో ప్రొవైజో, అంటే మినహాయింపు షరతు, కలిపారు. సీలింగుకి లోబడి, తన సొంత సాగులో ఉన్న భూమిని రాజ్యం తీసుకుంటే, మార్కెట్ విలువకి తగ్గకుండా పరిహారం ఇచ్చి తీరాలి. అది ఇప్పటికీ ఉంది, ఎవరూ తీయలేదు. దొర భూమి గుంజుకునే అధికరణంలోనే చిన్న రైతుకి గొళ్లెం పెట్టారు. చూశారా, పంచమనే మాటా, పేదోడి ఆస్తి కాపాడమనే మాటా రాజ్యాంగం దృష్టిలో కొట్టుకునేవి కాదు, పక్కపక్కనే కూర్చోబెట్టింది. మనమే రెండు పార్టీలుగా విడిపోయి అరుచుకుంటున్నాం.

చింతచెట్టు తమ్ముడూ, ఇక నీ పొలం. 1993లో 1307 జీవో అని ఒకటి వచ్చింది, అసైన్డ్ భూమి వెనక్కి తీసుకుంటే మార్కెట్ రేటుతో సమానంగా ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని. ఆ ఎక్స్‌గ్రేషియా మాటే ఆఫీసులో నీకు వినపడింది. కానీ ఎక్స్‌గ్రేషియా అంటే దయ, దాని మీద సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము), వడ్డీ రావు. 2004లో చేవెళ్ల డివిజన్ కేసులో మన ఉమ్మడి హైకోర్టు పెద్ద బెంచి ఆ దయ మాటని ఒప్పుకోలేదు. పబ్లిక్ అవసరానికి అసైన్డ్ భూమి వెనక్కి తీసుకున్నా సరే, పట్టాలో ఏ షరతు రాసి ఉన్నా సరే, సొంత పట్టాదారుతో సమానంగా పూర్తి మార్కెట్ విలువ, మిగతా ప్రయోజనాలు ఇవ్వాల్సిందే అంది. ఇంకా 2024 మేలో కోల్‌కతా కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 300ఎ లోపల ఏడు హక్కులున్నాయంది, నోటీసు, విచారణ, కారణాలతో ఆర్డరు, పబ్లిక్ అవసరం, న్యాయమైన పరిహారం, ఇలా. నీ ముంబై బిల్డింగుల తీర్పు కన్నా నీకు ఇవి పనికొస్తాయి.

చింతచెట్టు_కింద
అమ్మా మీకు దండం. 2004 లోనే చెప్పాక ఇంకా ఎందుకు రెండు రేట్లు కడుతున్నారు?

గుత్తి_ఎండలు
అడగనోడికి కట్టరు నాయనా. నేను ముప్పై నాలుగేండ్లు ఆ కుర్చీల పక్కనే కూర్చున్నా. తీర్పు హైదరాబాదు నుంచి మండలం ఆఫీసుకు వచ్చేలోగా దారిలో దానికి కాళ్లు నొప్పెడతాయి.

నల్లగొండ_పోరడు
తాతా 🙏🙏

సైకిల్_సెంటర్
నాదో డౌటు మేడం. అసైన్డ్ భూమిని అమ్ముకోనివ్వకుండా 1977లో చట్టం చేశారు కదా, పెద్దోళ్లు చవగ్గా లాక్కోకుండా. ఆంధ్రలో 2023లో మార్చి 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. ఇది పేదోడికి మంచా చెడా? నేను మొన్నటిదాకా చెడు అనేవాడిని, ఇప్పుడు తెలియట్లేదు.

నల్లగౌను
నాకూ తెలియట్లేదు, నిజం చెప్తున్నా. అమ్మకం నిషేధం ఉంటే బ్యాంకు సరిగ్గా అప్పివ్వదు, 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల్లో, పడి ఉంటుంది, కూతురి పెళ్లికి దొంగచాటుగా తెల్లకాగితం మీద సగం రేటుకి అమ్ముకుంటారు. నిషేధం తీస్తే, కారిడార్ వస్తుందని ముందే తెలిసినోడు వచ్చి కొనేస్తాడు. మా కోర్టులో రెండు రకాల కేసులూ చూశా. ముందు రకంలో ముసలోళ్లు ఏడుస్తారు, రెండో రకంలో వాళ్ల కొడుకులు.

డాలస్_పెసరట్టు
అమ్ముకునే హక్కు ఇచ్చి, ధర తెలిసేలా చేయాలి. ధర దాచితేనే మోసం. నేను కొన్న ప్లాటు కింద కూడా ఒకప్పుడు ఎవరి అసైన్డ్ ఉందో అని ఇప్పుడు డౌటొస్తోంది నాకు, లింకు డాక్యుమెంట్లు తీయిస్తా.

గోదారి_గట్టు
తీయించకండి బాబూ, నిద్ర పోతారు కదా హాయిగా 😂

నల్లగౌను
తమ్ముడూ ఒక్క పని. అవార్డు (పరిహారం ఖరారు చేసిన ఆర్డరు) కాగితం మీద తేదీ చూడు. 2013 భూసేకరణ చట్టం కింద అయితే 64వ సెక్షన్ ప్రకారం పరిహారం చాలదని రిఫరెన్సు అడగడానికి, అవార్డు ఇచ్చేటప్పుడు అక్కడే ఉంటే 6 వారాలే టైము. లేకపోతే నోటీసు అందాక 6 వారాలు, లేదా అవార్డు నుంచి 6 నెలలు, ఏది ముందైతే అది. దాటిపోతే తగిన కారణం చూపించి ఇంకో ఏడాదిలోపు కలెక్టర్ని బతిమాలుకోవచ్చు. అసలు వాళ్లు ఆ చట్టం కింద తీసుకున్నారా, ఊరికే అసైన్‌మెంట్ రద్దు చేశామని రిజంప్షన్ ఆర్డరు ఇచ్చారా అన్నది ముందు తేలాలి, రెండోదైతే దారి వేరు, హైకోర్టు. ఇంకోటి, నాన్నగారు డబ్బు ఒప్పుకుంటున్నట్టు ఎక్కడైనా సంతకం పెట్టారా? పెడితే "అభ్యంతరంతో" అన్న మాట రాశారా?

చింతచెట్టు_కింద
ఇప్పుడే అడిగి వస్తున్నా అమ్మా. కాగితం మీద రిజంప్షన్ అనే ఉంది, పైన మండలం ముద్ర. నోటీసు తేదీకీ ఆర్డరు తేదీకీ మధ్య నాలుగు రోజులే తేడా. సంతకం గురించి అడిగితే నాన్న కాసేపు మాట్లాడలా. తర్వాత చెప్పాడు, డబ్బు వేస్తాం బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ తెమ్మని మూడుసార్లు కబురు చేశారంట, జిరాక్స్ షాపు కరెంటు లేదని చెప్పి ఈయన ఇప్పటిదాకా ఇవ్వలేదంట.

నల్లగౌను
నాలుగు రోజులా! ఇవ్వొద్దనండి. ఆ షాపుకి ఇంకో వారం కరెంటు రానక్కర్లేదు. పట్టా, శిస్తు రసీదులు, అడంగల్ కాపీలు, ఆ నోటీసు, కవరుతో సహా, మీ దగ్గర్లో భూమి కేసులు చూసే మంచి వకీలుకి సోమవారమే చూపించు, ఎవరూ తెలియకపోతే ఇక్కడే నాకు మెసేజ్ పెట్టు.

గుత్తి_ఎండలు
ఆ రాళ్లగుట్టకి ఫోటో తీసి పెట్టుకో అబ్బోడా, మనిషి పక్కన నిలబడి. సొంత సాగు చేసినారా అని అడుగుతారు, అదే సాక్ష్యం.